ముగ్గు పడని వాకిలి

మన పల్లెల్లో ఒక ఇల్లు బాగున్నదీ లేనిదీ వాకిలి చూసి చెప్పవచ్చు. తెల్లవారేసరికి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు వేసి ఉంటే ఆ ఇంట్లో మనిషి లేచి తిరుగుతున్నదని అర్థం. పొద్దెక్కినా ముగ్గు పడలేదంటే ఊళ్లో లేరనో, ఒంట్లో బాగాలేదనో, మైల వచ్చిందనో ఇరుగుపొరుగు గ్రహించేవారు. ఎవరో ఒకరు వెళ్లి తలుపు తట్టేవారు. ఈ అలవాటు క్రమంగా తగ్గిపోతున్నది. దానివల్ల కలుగుతున్న నష్టమేమిటో గ్రామస్థులంతా ఒకసారి ఆలోచించాలి.

కనిగిరి, మార్కాపురం వైపు మెట్ట గ్రామాల పరిస్థితి అందరికీ తెలిసిందే. వానలు మొహం చాటేసిన ఏడు జనం పని వెతుక్కుంటూ హైదరాబాదుకో, బెంగుళూరుకో పోతారు. మిరపకోతల రోజుల్లో కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు తరలిపోతాయి. చదువుకున్న పిల్లలు ఉద్యోగాలకు పట్నం చేరతారు. వెనక మిగిలేది తాళం వేసిన తలుపులు, ముసలి ప్రాణాలు. మా వీధి ఈ కొస నుంచి ఆ కొసకు నడిస్తే, ఒక్క ముసలి మనిషే ఉంటున్న ఇళ్లు ఒక చేతి వేళ్లకు మించి కనిపిస్తాయి.

మొన్న ఎండాకాలంలో జరిగిన సంగతి చెప్పాలి. మా వీధిలో డెబ్బై దాటిన ఒకావిడ ఒంటరిగా ఉంటున్నది. కొడుకులు పట్నంలో పని చేసుకుంటున్నారు. రోజూ పాలుపోసే ఆమె వచ్చేసరికి కడిగిన గిన్నె గడప పక్కన పెట్టి ఉంచుతుంది. ఆ రోజు గిన్నె లేదు. "అత్తా, గిన్నె పెట్టలేదేం?" అని పిలిస్తే జవాబు లేదు. పాలుపోసే ఆమె ఊరుకోకుండా దొడ్డిదారిన వెళ్లి చూస్తే, ముసలావిడ పెరట్లో జారిపడి లేవలేక ఉన్నది. రాత్రి నుంచీ అక్కడే పడి ఉన్నదట. 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తరలించారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశాక ఇప్పుడు కర్రసాయంతో నడుస్తున్నది.

ఆ ఉదయం అప్పటికే పదిమందికి పైగా ఆ వాకిలి ముందునుంచి నడిచిపోయారు. ముగ్గు పడలేదని గమనించినవారూ ఉన్నారు. "కూతురి దగ్గరికి పోయిందేమో అనుకున్నా" అని తరువాత ఒకామె చెప్పింది. వీరిలో ఎవరూ చెడ్డవారు కారు. అనుకోవడం దగ్గర ఆగిపోయారు, అంతే. పాలుపోసే ఆమె మాత్రం అడిగింది.

పూర్వం వీధివైపు అరుగులుండేవి. సాయంకాలం మనుషులు వాటిమీద కూర్చునేవారు. వీధిలో ఎవరు దగ్గినా నలుగురికి తెలిసేది. సిమెంటురోడ్లు వేసేటప్పుడు చాలాచోట్ల అరుగులు పోయాయి. కొత్త ఇళ్లకు ప్రహరీగోడలు, ఇనుప గేట్లు వచ్చాయి. చీకటి పడగానే టీవీ, చేతిలో సెల్‌ఫోను. కొన్ని గడపల ముందు ముగ్గుకు బదులు ప్లాస్టిక్ ముగ్గు అంటిస్తున్నారు. అది లోపలి మనిషి లేచినా లేవకపోయినా అలాగే ఉంటుంది. రోడ్లు, గోడలు వద్దని ఎవరూ అనరు. కాని పాత గుర్తులు పోయినప్పుడు కొత్త గుర్తులు పట్టుకోవాలి. పట్టపగలు వీధిలైటు వెలుగుతూనే ఉండటం, కుళాయి నీళ్లు తొట్టి నిండి పొర్లిపోవడం, గేటుకు తగిలించిన పాలప్యాకెట్టు మధ్యాహ్నం దాకా అలాగే ఉండటం, ఇవన్నీ మనల్ని ఆగి అడగమంటున్న గుర్తులే.

వృద్ధులకు పింఛను వస్తున్నది కదా అని కొందరంటారు. 2024 జులై నుంచి నెలకు 4,000 రూపాయలు సచివాలయ సిబ్బంది ఇంటికి తెచ్చి ఇస్తున్నారు. ఇది మంచి ఏర్పాటే. కాని ఆ తలుపు తట్టేది నెలకు ఒక్కరోజు. మిగిలిన రోజుల్లో తట్టవలసింది ఇరుగుపొరుగువారే. ఆ పని ఏ ప్రభుత్వమూ చేయలేదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. మన ఊళ్లలో చూసే కళ్లకు కొదవ లేదు. ఎవరింటికి ఎవరు వచ్చారు, ఎవరి పిల్ల ఎవరితో మాట్లాడింది అని కనిపెట్టేవారు వీధికి నలుగురుంటారు. ఆ చూపువల్ల ఆడపిల్లలు చదువు మానుకోవలసి వచ్చిన ఇళ్లూ ఉన్నాయి. నేను కోరేది ఆ చూపు కాదు. చూసినది పదిమందికి చెప్పుకుని నవ్వడానికైతే అది ఆరా. చూసి ఆ ఇంటివారినే "బాగున్నావా పెద్దమ్మా?" అని అడిగితే అది పలకరింపు.

మరొక సంగతి. మనం "మా వీధి" అనేటప్పుడు ఆ వీధి ఎక్కడ ఆగిపోతున్నది? ఊళ్లో పెద్దరైతుకు జ్వరమొస్తే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. కాలనీ చివరి ఇంట్లో కూలిచేసి అలసిన ముసలామె మంచం పడితే కాలనీవారికి తప్ప ఊరికి తెలియదు. పలకరింపుకు కులం హద్దు పెట్టినంతకాలం మన ఊరు సగం ఊరే.

ఎండాకాలంలో ఈ విషయం ప్రాణాలతో కూడినది. 2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండువేల మందికి పైగా చనిపోయారు. రేకుల ఇంట్లో ఒంటరిగా ఉన్న ముసలివారికి మధ్యాహ్నంపూట ఒక చెంబు మజ్జిగ, ఒక పలకరింపు ఎంత పని చేస్తాయో వేరే చెప్పనక్కరలేదు.

చేయవలసినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ఒంటరిగా ఉంటున్న వృద్ధుల పేర్లు, వారి పిల్లల ఫోన్ నంబర్లు, పక్కింటివారి నంబరు పంచాయతీవారు ఒక పుస్తకంలో రాసిపెట్టుకోవచ్చు. యువజన సంఘాలు వీధులవారీగా ఈ బాధ్యత పంచుకోవచ్చు. వృద్ధుల సహాయానికి 14567 నంబరు ఉన్నది. ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు ఉచితంగా మాట్లాడవచ్చు. కన్నవారిని పట్టించుకోని పిల్లలపై 2007 నాటి చట్టం కింద ఆర్డీవో వద్ద ఫిర్యాదు చేస్తే, నెలకు 10,000 రూపాయల వరకు మనోవర్తి ఇప్పించే వీలున్నది. ఈ సంగతి తెలియని ముసలివారికి తెలిసినవారు చెప్పాలి.

పట్నంలో ఉన్న బిడ్డలకూ ఒక మనవి. అమ్మ నంబరు ఒక్కటే ఉంచుకుంటే చాలదు. అమ్మ ఫోన్ ఎత్తకపోతే ఎవరికి చేయాలో, ఆ పక్కింటి నంబరు కూడా రాసిపెట్టుకోండి. పండుగకు వచ్చినప్పుడు ఆ పక్కింటివారి గడప కూడా తొక్కి, రెండు మాటలు మాట్లాడి వెళ్లండి. రేపు మీ అమ్మ తలుపు తట్టేది వారే.