పటంలో ఉన్న రాష్ట్రం, పాసుపుస్తకంలో లేని రైతు

ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న పుట్టింది. అంతకు నలభై ఏళ్ల ముందు నుంచే మన పెద్దలు దాన్ని ఊహించుకున్నారు. ఇంకా లేని ఆ రాష్ట్రానికి పేరు పెట్టి, హద్దులు చెప్పి, కావలసిన సంస్థలు ఒక్కొక్కటే కట్టుకుంటూ వచ్చారు. ఆ పనిలో మన కృష్ణా దిగువ డెల్టా వాటా చిన్నది కాదు. ఆ ఊహలో రైతుకు ఏం రాసిపెట్టారో, చివరికి రైతు చేతికి ఏం వచ్చిందో ఒకసారి లెక్క చూసుకోవాలి. ఎందుకంటే మన పమిడిముక్కల మండలంలో ఈనాటికీ దమ్ము చేసి ఊడ్పులు ఊడ్పించే వారిలో చాలామందికి తాము రైతులమని చూపించుకునే కాగితం లేదు.

బందరులో మొదలైన రాష్ట్రం

బందరులో 1902లో కృష్ణా పత్రిక మొదలైంది. 1910లో అక్కడే ఆంధ్ర జాతీయ కళాశాల వచ్చింది. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగి, తెలుగువారికి వేరే రాష్ట్రం కావాలన్న మాట బహిరంగంగా చర్చకు వచ్చింది. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల సమయంలో భట్లపెనుమర్రు బిడ్డ పింగళి వెంకయ్య జెండా నమూనా తయారుచేసి గాంధీ చేతిలో పెట్టారు. 1923లో పట్టాభి సీతారామయ్య బందరులోనే ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. అప్పటికి ఆంధ్ర రాష్ట్రమూ లేదు, దానికొక ప్రభుత్వమూ లేదు. పత్రిక, కళాశాల, బ్యాంకు మాత్రం ముందే సిద్ధమయ్యాయి.

ఇదంతా గర్వపడవలసిన చరిత్రే. అయితే ఈ పనులు చేసిన వారిలో ఎక్కువమంది పట్టణాల్లోని చదువుకున్నవారు. ఆ రోజుల్లో పల్లెల్లో భూమి చల్లపల్లి, నూజివీడు వంటి జమీందారీల చేతుల్లో ఉండేది. ఆంధ్ర రాష్ట్రం వస్తే ఈ భూమి ఎవరిదవుతుంది అనే ప్రశ్న పట్టణాల సభల్లో గట్టిగా వినపడలేదు. ఆ ప్రశ్న వేసింది రైతు సంఘాలే. 1937-38లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతులు కాలినడకన యాత్ర చేశారు. దివిసీమలో చల్లపల్లి జమీందారు మీద రైతులు, కూలీలు కలిసి భూమి కోసం పోరాడారు.

1946 నాటి పుస్తకం

ఆ ప్రశ్నకు జవాబుగా 1946లో పుచ్చలపల్లి సుందరయ్య 'విశాలాంధ్రలో ప్రజారాజ్యం' అనే పుస్తకం రాశారు. తర్వాత మన పక్కనున్న గన్నవరం నుంచే ఆయన శాసనసభకు ఎన్నికయ్యారు. ఆ పుస్తకం నాటికి తెలుగు నేల సగం మద్రాసు ప్రెసిడెన్సీలో, సగం నిజాం రాజ్యంలో ఉంది. విశాలాంధ్ర అనేది ఏ పటంలోనూ లేదు. అలాంటి రాష్ట్రం వస్తే దానిలో జనజీవనం ఎలా ఉండాలో ఆయన ముందే రాసిపెట్టారు. తెలుగువారంతా ఒక రాష్ట్రంగా ఉండాలి, నదుల నీళ్లు పొలాలకు మళ్లాలి, జమీందారీలు పోవాలి, దున్నేవాడికి భూమి రావాలి. ఆ రాజకీయాలతో ఏకీభవించనివారు మన సంఘంలో కూడా ఉన్నారు. ఉండవచ్చు. ఆయన రాసినదాన్ని కొలబద్దగా పెట్టుకుని, వచ్చినదేమిటి, రానిదేమిటి అని చూడటానికి పార్టీ అడ్డు రాదు.

వచ్చినవి

హద్దులు వచ్చాయి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 2014 జూన్ 2న అది రెండయింది. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు, అక్కడి నుంచి అమరావతికి మారింది. అమరావతి కోసం 33 వేల ఎకరాలకు పైగా సమీకరించారు. భూమి ఇచ్చిన యజమానికి ప్లాటు, ఏటా కౌలు పరిహారం ఇచ్చారు. భూమిలేని కుటుంబాలకు నెలకు 2,500 రూపాయల పింఛను అన్నారు. ఆ భూముల్ని కౌలుకు చేసినవాడికి ప్లాటు లేదు, పోయిన సాగుకు లెక్క లేదు. పటం మార్చి గీసినప్పుడల్లా ముందుగా చెరిగిపోయేది కౌలు రైతే.

నీళ్లు కూడా చాలావరకు వచ్చాయి. 1952లో తెగిన బెజవాడ ఆనకట్ట స్థానంలో 1957కు ప్రకాశం బ్యారేజి వచ్చింది. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ 1967లో నీళ్లిచ్చింది. బచావత్ ట్రిబ్యునల్ కృష్ణా డెల్టాకు 181.20 టీఎంసీలు కేటాయించింది. 45.77 టీఎంసీల పులిచింతల కట్టారు. పట్టిసీమ నుంచి గోదావరి నీళ్లు కృష్ణకు వచ్చాయి. కాలువల్లో గుర్రపుడెక్క, పూడిపోయిన మురుగు కాల్వలు, నాగాయలంక, కోడూరు వైపు శివారు భూములకు అందని నీళ్లు, ఇవి మనం రోజూ పడే అవస్థలే. అయినా నీటి విషయంలో ఊహించినది కొంత నిజమయిందని ఒప్పుకోవాలి.

రానిది

భూమి సంగతి వేరు. 1948 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీలో జమీందారీలు రద్దయ్యాయి. 1973లో భూపరిమితి చట్టం వచ్చింది. మాగాణి అయితే ఒక కుటుంబానికి నేల తరగతిని బట్టి 10 నుంచి 27 ఎకరాలు మించకూడదన్నారు. చట్టం రాకముందే పేర్ల మీద పేర్లు మార్చి పంచుకున్న భూముల కథలు డెల్టాలో ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. తెలంగాణలో సాయుధ పోరాటం నడుస్తున్న కాలంలోనే 1950లో హైదరాబాదు కౌలు చట్టం వచ్చి, 'రక్షిత కౌలుదారు' అనే మాట రికార్డులకెక్కింది. మన వైపు కౌలు ఇప్పటికీ నోటిమాట మీదే నడుస్తోంది.

జమీందారు పోయాడు, మక్తా పోలేదు. 2018-19 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో సాగు కమతాల్లో 17.3 శాతం కౌలు కమతాలు. మన రాష్ట్రంలో 42.4 శాతం. అంటే ఇక్కడ ప్రతి పది కమతాల్లో నాలుగింటిని పాసుపుస్తకంలో పేరు లేని మనిషి నడుపుతున్నాడు.

ఆ మనిషి లెక్క ఒకటి వేసి చూద్దాం. ఎకరానికి 30 బస్తాలు పండుతుందని 15 బస్తాల మక్తాకు ఒప్పుకున్నాడనుకోండి. కోతల ముందు తుపాను వచ్చి చేను పడిపోయి 18 బస్తాలే వస్తే, మక్తా మాత్రం 15 బస్తాలే. మిగిలిన 3 బస్తాల్లో దమ్ము, ఊడ్పులు, ఎరువులు, పురుగుమందు, కోత మిషన్ ఖర్చు అన్నీ తీరాలి. తీరవు. తర్వాత చల్లిన మినుము మీద ఆశ పెట్టుకుని వడ్డీకి తెస్తాడు. బ్యాంకులో పంట రుణం, పెట్టుబడి సాయం, నష్టపరిహారం మాత్రం చాలాసార్లు భూమి ఎవరి పేర ఉందో ఆ ఖాతాకే వెళ్తాయి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజి దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటి లంకలు మునిగినప్పుడు, అరటి, పసుపు, కంద పోగొట్టుకున్న కౌలు రైతులు ముందుగా భయపడింది వరదకు కాదు, జాబితాలో ఎవరి పేరు రాస్తారోనని.

చట్టాలు లేక కాదు. 2011లో సాగుదారులకు రుణ అర్హత కార్డుల చట్టం చేశారు. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చి, 11 నెలలకు కార్డు ఇస్తామన్నారు. కానీ ఆ కార్డు రావాలంటే ఒప్పంద పత్రం మీద యజమాని సంతకం పెట్టాలి. యజమాని హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉంటాడు. ఊళ్లో ఉన్నవాడు కూడా "సంతకం పెడితే రేపు భూమి నాదంటావేమో" అంటాడు. గట్టిగా అడిగితే వచ్చే ఏడు పొలం ఇంకొకరికి పోతుంది. అందుకే కౌలుదారు అడగడు.

చిన్న యజమానుల భయాన్ని మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. పిల్లల చదువుల కోసం ఊరు వదిలి ఎకరం, రెండెకరాలు కౌలుకిచ్చినవారు, చేయలేక ఇచ్చిన వితంతువులు, వృద్ధులు మన సభ్యుల్లోనే ఉన్నారు. వారికి ఒకటే మాట. కార్డుతో యాజమాన్య హక్కు మారదని 2019 చట్టమే చెబుతోంది. కార్డు ఇచ్చేది పంట మీద హక్కును, అదీ 11 నెలలకు. పండించినవాడికి బ్యాంకు అప్పు దొరికి, నష్టపరిహారం అందితేనే మీ మక్తా సకాలంలో ఇంటికి వస్తుంది. అప్పుల పాలై ఊరు వదిలిపోయిన కౌలుదారు నుంచి ఎవరూ బస్తా రాబట్టలేరు.

మనం అడగవలసినవి

యజమాని సంతకంతో పని లేకుండా, గ్రామసభలో విచారించి సాగుదారు కార్డు ఇవ్వాలి. చుట్టుపక్కల గట్ల రైతులకు ఏ చేను ఎవరు చేస్తున్నారో తెలియనిది కాదు. ఈ-పంట నమోదు దున్నుతున్నవాడి పేరునే జరగాలి. ధాన్యం డబ్బు, పంట నష్టం అతని ఖాతాలోనే పడాలి. కార్డు ఉన్నవారికి హామీ అడగకుండా పంట రుణం ఇచ్చేలా బ్యాంకులను ఒప్పించాలి. తుపాను ఏడు మక్తా ఎంత తగ్గాలో ఊరి స్థాయిలో యజమానులు, కౌలుదారులు కూర్చుని ముందే మాట అనుకోవాలి. ఈ చివరి పనికి ప్రభుత్వం దాకా పోనక్కర లేదు, మన సంఘం శాఖలే మొదలుపెట్టవచ్చు.

దమ్ములకు ముందే ప్రతి శాఖ తన ఊళ్లో కౌలుకు చేసేవారి జాబితా రాయాలి. పేరు, చేను, ఎకరాలు, మక్తా, అంతే. ఆ జాబితాను గ్రామసభలో చదివి, నకలు తహసీల్దారుకు ఇద్దాం. మన పెద్దలు రాష్ట్రం రాకముందే దానికి కళాశాల, బ్యాంకు కట్టుకున్నారు. ప్రభుత్వ రికార్డు వచ్చేదాకా ఆగకుండా, కౌలు రైతు పేరు ఉన్న రికార్డును మనమూ ముందే రాసిపెట్టుకుందాం.