కరువు మనది, చదువు ఎవరిది?

రాప్తాడు మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారిపై దక్షిణంగా వెళ్తే పెనుకొండ చెంత ఎర్రమంచి వస్తుంది. కొరియా దేశపు కియా కంపెనీ 2019లో అక్కడ కార్ల తయారీ మొదలుపెట్టింది. ఉత్తరంగా వెళ్తే అనంతపురం. అక్కడ 1916లో వెలసిన ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల, 1946 నాటి ఇంజనీరింగు కళాశాల, ఊరి వెలుపల 1981లో ఏర్పడిన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. పరదేశం మన గడప దాకా వచ్చింది. మన పల్లె డిగ్రీ విద్యార్థికి మాత్రం ఆ గడప దాటే దారి చెప్పేవారు కరువయ్యారు.

విదేశీ చదువు అనగానే పల్లెల్లో గుర్తుకు వచ్చేది ఒక్కటే. డిగ్రీ ముగిశాక లక్షల అప్పు చేసి, పొలం తాకట్టు పెట్టి, ఏజెంటు చేతిలో పెట్టి పంపడం. దానికి భిన్నమైన దారి మరొకటి ఉంది. డిగ్రీ చదువుతుండగానే వేసవిలో రెండు మూడు నెలలు విదేశీ ప్రయోగశాలలో పరిశోధన నేర్చుకుని తిరిగి రావడం. జర్మనీకి చెందిన డాడ్ సంస్థ 'వైజ్' పేరుతోనూ, కెనడాకు చెందిన మిటాక్స్ సంస్థ 'గ్లోబలింక్' పేరుతోనూ ఇటువంటి పథకాలు నెలకొల్పాయి. ఎంపికైన విద్యార్థికి ఖర్చులకు ఉపకార వేతనం ఇస్తారు. అయితే ఇటువంటి అవకాశాలు మొదట ఐ.ఐ.టి.ల వంటి పెద్ద సంస్థలకే అందడం శోచనీయం.

పల్లె విద్యార్థి వద్ద ఏముందని విదేశాలు పిలుస్తాయని కొందరు అడగవచ్చు. అతని వద్ద కరువు ఉంది. వానలు అతి తక్కువగా కురిసే ప్రాంతాలలో అనంతపురం ఒకటి. ముంగారు వాన ముఖం చాటేస్తే శెనక్కాయ ఊడ దిగే వేళ ఏమవుతుందో ఇక్కడి రైతు బిడ్డకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ వేరుశనగ పుట్టిల్లు దక్షిణ అమెరికా. 1972లో పటాన్‌చెరువులో వెలసిన ఇక్రిశాట్ సంస్థ అనేక దేశాల నుంచి పదిహేను వేలకు పైగా వేరుశనగ రకాలను సేకరించి భద్రపరచింది. ఆ సంస్థ రూపొందించిన ఐ.సి.జి.వి. 91114 రకాన్ని మన జిల్లా రైతుల పొలాల్లోనే పండించి పరీక్షించారు. విత్తనం దేశాలు దాటింది. శాస్త్రం దేశాలు దాటింది. ఆ పొలం గట్టున పెరిగిన విద్యార్థి దాటకపోవడం న్యాయమా?

తెలుగువారికి ఈ దారి కొత్తది కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో పూర్తి వైద్య పట్టా దక్కక ఎల్.ఎం.ఎస్.తోనే సరిపెట్టుకున్నారు. 1923లో బోస్టన్ చేరారు. ఆ ప్రయాణానికి మామగారి సాయం, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి అండ తోడయ్యాయి. రాత్రిళ్లు ఆసుపత్రిలో పనివాడిగా శ్రమిస్తూ చదివిన ఆయన, 1925లో రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ఫిస్క్‌తో కలిసి లోకానికి అందించారు. ప్రతిభకు ధర్మాత్ముల సాయం తోడైతే జరిగేది ఇదే.

నేడు కావలసినవి కొండంత నిధులు కావు. ప్రతి డిగ్రీ కళాశాలలో ఈ పథకాల గడువులు తెలిపే నోటీసు బోర్డు, దరఖాస్తు నింపడంలో తోడ్పడే ఒక అధ్యాపకుడు ఉండాలి. రెండో సంవత్సరంలోనే పాస్‌పోర్టు తీయించాలి. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన వారికి ఇంగ్లీషు తర్ఫీదు ఇవ్వాలి. ఊరి పొలంలోనే చిన్న పరిశోధన చేయించి, దాని ఆధారంగా సిఫారసు లేఖ రాయాలి. విశ్వవిద్యాలయాలు పెద్ద సంస్థలతో సమానంగా మన కళాశాలలకూ అర్హత కోసం పట్టుబట్టాలి. విమాన ఖర్చు భరించలేని బిడ్డకు ఊరి దాతలు ముందుకు రావాలి. గుడికీ, జాతరకూ చందా ఇచ్చే చేతులు దీనికి వెనుకాడవు.

తల్లిదండ్రులు కూడా ఆడపిల్ల అని వెనక్కి లాగరాదు. కరువు గురించి బయటివారు రాసినది మనం చదవడం చాలు. మన బిడ్డలు రాసినది లోకం చదివే రోజు రావాలి. అధికారులు, అధ్యాపకులు ఈ విద్యా సంవత్సరమే శ్రద్ధ వహించాలి.