చేపల తొట్టిలో బొద్దింకల మందు

ప్రశ్న: రాత్రి బొద్దింకల మందు స్ప్రే చేసి, తలుపులు మూసి పడుకున్నాము. తెల్లవారేసరికి అక్వేరియంలో చేపలన్నీ చచ్చి తేలాయి. మావారు రబ్బరు గొట్టం నోటితో పీల్చి నీళ్ళు తోడేశారు. కొంచెం నోట్లోకి పోయింది. మా అయిదేళ్ళ బాబు ఆ నీళ్ళలో చెయ్యి పెట్టి చేపల్ని ఏరాడు. చేపల్ని చంపిన మందు మనుషుల్నేమీ చెయ్యదా? తొట్టి మళ్ళీ వాడుకోవచ్చా?
- ఒక గృహిణి

జవాబు: మీ ఉత్తరం నాకు చేరేసరికే వారం దాటింది. ఇటువంటి మందుల ప్రభావం సాధారణంగా కొద్ది గంటల్లో, మహా అయితే ఒకటి రెండు రోజుల్లో కనబడుతుంది. మీవారూ, బాబూ ఈపాటికి కులాసాగా ఉంటే ఆ భయం వదిలెయ్యండి.

ఇళ్ళలో వాడే స్ప్రేలలో ఎక్కువగా పైరెత్రాయిడ్ జాతి మందులుంటాయి. మన శరీరం వీటిని త్వరగా విరిచి బయటికి పంపేస్తుంది. చేపలకు ఆ శక్తి చాలా తక్కువ. పైగా తొట్టికి గాలి కొట్టే మోటారు గదిలోని గాలినే నీళ్ళలోకి పంపుతుంది. మందు కూడా దానితోనే చేరింది.

అయితే అన్ని మందులూ ఒకటి కావు. చెదలకూ, పొలాలకూ వాడే ఆర్గానో ఫాస్ఫరస్ మందులు మనుషులకూ ప్రాణాంతకమే. చొంగ కారడం, ఒళ్ళంతా చెమట, వాంతులు, విరేచనాలు, కనుపాపలు సూదిమొనంతగా చిన్నవి కావడం, ఆయాసం - వీటిలో ఏది కనిపించినా క్షణం ఆలస్యం చెయ్యకుండా 108కి ఫోను చేసి ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. మందు డబ్బా కూడా వెంట తీసుకెళ్ళండి. “ఏదో మందండీ డాక్టరుగారూ” అనేవాళ్ళను నా సర్వీసులో చాలామందిని చూశాను. ఒక మందుకు అట్రోపిన్ ఇంజక్షన్ ప్రాణం పోస్తుంది, మరొకదానికి దానితో పనే లేదు. డబ్బా చూస్తే వైద్యుడికి విలువైన సమయం కలిసొస్తుంది.

మందు నోట్లోకి పోతే నీళ్ళు పుక్కిలించి ఉమ్మెయ్యాలి. ఉప్పునీళ్ళు తాగించి, గొంతులో వేలు పెట్టి వాంతి చేయించకండి. చాలా మందుల్లో కిరసనాయిలు వంటి నూనెలు కలుస్తాయి. వాంతిలో అవి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. చర్మానికి తగిలితే సబ్బుతో బాగా కడగాలి. చురచుర, తిమ్మిరి ఉన్నా సాధారణంగా ఒక రోజులో తగ్గిపోతాయి.

ఇక మీరు అడగని సంగతి ఒకటుంది. బాబు చేతిమీద గీరుడుగాని, చిన్న గాయంగాని ఉండిందా? చేపల తొట్టి నీళ్ళలో క్షయ క్రిమికి దాయాది అయిన ఒక సూక్ష్మజీవి ఉండవచ్చు. అది గాయంలో చేరితే సుమారు రెండు నుంచి నాలుగు వారాలకు ఎర్రని గడ్డ లేచి, మానని పుండవుతుంది. ఒక్కోసారి చేతి పొడవునా వరసగా గడ్డలు లేస్తాయి. మామూలు బిళ్ళలకు లొంగదు. నెలల తరబడి సరైన మందులు వాడాలి. అందుచేత నెల రోజులపాటు బాబు చెయ్యి చూస్తూండండి. పుండు పడితే “చేపల తొట్టిలో చెయ్యి పెట్టాడు” అని వైద్యుడితో తప్పక చెప్పండి. మీరు చెప్పకపోతే ఆయనకు తట్టకపోవచ్చు.

తొట్టి వాడుకోవచ్చు. అడుగున ఉన్న గులకరాళ్ళు, ఫిల్టరు స్పాంజి పారెయ్యండి. మందు వాటికి అంటుకుని ఉంటుంది. ఆ నీళ్ళు మాత్రం చెరువులో, కాలవలో, బావి దగ్గర పోయవద్దు. తొట్టిని సబ్బు, ఫినాయిలు లేకుండా వట్టి నీళ్ళతో పలుమార్లు కడగండి. కుళాయినీళ్ళను ఒక రోజు మూత లేకుండా నిలవుంచి, క్లోరిన్ పోయాక నింపండి. ఫిల్టరులో కొత్త బొగ్గు వేసి కొన్నాళ్ళు నడిపి, ఆ నీళ్ళు మార్చి, ముందు ఒక్క చేపను వదిలి చూడండి.

ఇకముందు మందు కొట్టేటప్పుడు మోటారు ఆపి, తొట్టిని ప్లాస్టిక్ గుడ్డతో కప్పండి. గది బాగా గాలాడాకే తియ్యండి. తొట్టిలో చెయ్యి పెట్టేముందు కరెంటు ప్లగ్గు తీసెయ్యండి. నీళ్ళు మగ్గుతో తోడండి. గొట్టం నోట పెట్టే అలవాటు మీవారిచేత మాన్పించండి.