మీటల వాద్యం – గమకం

కోనసీమ పద్యనాటకానికి హార్మోనియం పరాయిది కాదు. రాగం చివర నటుడు ఊపిరి తీసుకొనేవేళ ఆ ఖాళీని పూరించినది అదే. అయినను 1940లో అఖిల భారత రేడియో దానిని వెలివేసినది. 1971లో గాని ఆ నిషేధం సడలలేదు. మీటకూ మీటకూ నడుమ దారి లేదనీ, అందుచేత గమకం పలుకదనీ అభియోగం. అభియోగం నిజమే. నేడు ఎలక్ట్రానిక్ కీబోర్డు పట్టిన పిల్లలకు కీర్తనలే నేర్పి, గమకం రాలేదని చిన్నబుచ్చడం మాత్రం న్యాయం కాదు.

జర్మన్ వాగ్గేయకారుడు బాఖ్ (1685–1750) కాలంలో హార్ప్సికార్డుకు ఇంతకన్న పెద్ద లోపాలే ఉండెడివి. మీట నొక్కగా లోపల చిన్న ఈక తీగను మీటును. ఎంత గట్టిగా నొక్కినా ధ్వని ఇంచుమించు ఒక్కటే. పుట్టిన స్వరం త్వరగా అణగిపోవును. అట్టి వాద్యాన్ని వయొలిన్ల బృందం నడుమ నాయకునిగా నిలిపి ఆయన కన్చెర్టోలు కూర్చినాడు. 1729 నుండి లైప్‌జిగ్ నగరంలో ఒక సంగీత మండలికి ఆయనే నాయకుడు. కచేరీలు జరిగినది జిమ్మర్‌మన్ కాఫీ హోటలులో! (కాఫీకీ కచేరీకీ చుట్టరికం మనవద్దనే పుట్టలేదన్నమాట.)

1738 ప్రాంతపు డి మైనర్ కన్చెర్టో వినండి. అందరూ ఒక్క గొంతుగా, లయకు ఎదురుతిరిగే విరుపులతో ఎత్తుకొందురు. ఆ ఎత్తుగడ మన పల్లవివలె మరల మరల వచ్చును. అయితే మన పల్లవికి షడ్జం కదలదు, ఇచట ఆధారస్వరమే మారి కొత్త వెలుగులో వచ్చును. ఈ కృతి మొదట వయొలిన్‌కై పుట్టి ఉండునని పండితుల ఊహ. వయొలిన్ తీగలమీది వడి ఇచట రెండు చేతుల పరుగైనది. రెండవ భాగంలో మంద్రంలో ఒకే పదబంధం తిరుగుచుండ, పైన హార్ప్సికార్డు స్వరస్వరానికీ నగలు తొడుగును. స్వరం నిలువదు గనుకనే ఆ అలంకారం! లేమిలోనుండి వచ్చిన సొగసు అది.

రాజోలు సీమలోని శంకరగుప్తంలో 1930లో జన్మించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ పాశ్చాత్య వియోలాపై మన సంగీతం పలికించినారు. దానికి మెట్లు లేవు, గమకానికి అడ్డు లేదు. కీబోర్డుకు ఆ వెసులుబాటు లేదు; స్వరాన్ని వంచే చక్రం కొన్నింటికి ఉన్నను అది వీణకు సాటి రాదు. గమకం గాత్రంలోనో వీణమీదనో నేర్పవలెను. అమలాపురంలోనైనా కొత్తపేటలోనైనా కీబోర్డు నేర్పే ఉపాధ్యాయులు, కుడిచేతికి ఒక పాటా ఎడమచేతికి దానికి బదులు చెప్పే వేరొక పాటా ఇచ్చి, ఒక సంవత్సరం చూతురు గాక.