నడుము నొప్పికి ఆ సూదేనా కారణం?

కాన్పుకు పెద్దాపరేషన్ అయిన ఆడవాళ్లు నలుగురు ఒకచోట చేరితే నడుం మీద చెయ్యేసుకుని చెప్పే మాట ఒకటుంది: "వెన్నులో మత్తు సూది వేశారు, అప్పట్నుంచీ ఈ నొప్పి వదల్లేదు." నొప్పి నిజం. దాన్ని కొట్టిపారేసే హక్కు ఎవరికీ లేదు. పొరపాటల్లా కారణం దగ్గరే.

పెద్దవాళ్లలో వెన్నుపాము మొదటి రెండు నడుము పూసల దగ్గరే ఆగిపోతుంది. మత్తు డాక్టరు సూది దించేది అంతకన్నా కింద, పూసల సందులోంచి. సూది లావు దాదాపు అర మిల్లీమీటరు. ఎక్కించే బ్యుపివకైన్ సుమారు 2 మిల్లీలీటర్లు. నరాల మీద సోడియం లోపలికి వెళ్లే దారుల్ని ఆ మందు మూసేస్తుంది, నొప్పి కబురు మెదడుకు చేరదు. కొన్ని గంటల్లో మందు రక్తంలో కలిసిపోతుంది, కాళ్లు మళ్లీ కదులుతాయి. ఏళ్ల తరబడి నడుమును పీడించడానికి అక్కడ మందేమీ మిగలదు.

ఇబ్బందులు లేవని కాదు. గుచ్చినచోట కొద్దిరోజులు సలపవచ్చు. లేచి కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గే తలనొప్పి కొందరికి వస్తుంది. 1898లో జర్మనీలోని కీల్‌లో ఆగస్ట్ బీర్ అనే సర్జన్ వెన్నులో మత్తిచ్చే ఈ పద్ధతిని తన మీదే ప్రయోగం చేయించుకుని, తనకొచ్చిన ఆ తలనొప్పిని కూడా దాచకుండా రాశాడు. నాకు అతని మీద గౌరవం అందుకే.

గర్భిణుల్లో దాదాపు సగంమందికి నడుము నొప్పి ఏ సూదీ పడకముందే మొదలవుతుంది. కడుపు బరువుకు నడుము వంపు మారుతుంది, కీళ్ల పట్టు సడలుతుంది. కాన్పయ్యాక వంగి పాలివ్వడం, బిడ్డను ఎత్తుకోవడం, నిద్రలేమి. నొప్పులు తెలియకుండా నడుములో వేసే ఎపిడ్యూరల్ విషయంలో, వేయించుకున్నవాళ్లనూ వేయించుకోనివాళ్లనూ పోల్చి చూశారు. దీర్ఘకాలపు నడుము నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగాయి, అంతే.

మత్తు సూదంటే ఉన్న ఈ భయం వెనక ఇంకో పాత నమ్మకం ఉంది: నొప్పులు పడితేనే తల్లి అని. 1847లో ఎడిన్‌బరోలో సింప్సన్ అనే డాక్టరు కాన్పుకు క్లోరోఫాం మత్తు వాడినప్పుడు బైబిల్ చూపించి అడ్డుపడినవాళ్లున్నారు. మన ఇళ్లలో గ్రంథం పేరు చెప్పరు, "మేమంతా కనలేదా" అంటారు. పన్ను పీకించుకునే మగవాడితో ఎవరూ అలా అనరు. చిగుళ్లలో మత్తు సూది అతనికి అడక్కుండానే పడుతుంది.

సూది మీద నెపం పెట్టడంవల్ల అసలు నష్టం తర్వాత జరుగుతోంది. ఆ తల్లికి నడుము కండరాలు బలపడే వ్యాయామం ఎవరూ నేర్పరు. కాలు తిమ్మిరెక్కుతోందా, మూత్రం పట్టు తప్పుతోందా అని ఎవరూ అడగరు. "సూది నొప్పిలే, అది పోదు" అని ఇంట్లోనే తేల్చేస్తారు.