చక్రమునకు తాళము, తాళమునకు చెవి

గృహస్థులకు మనవి

దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినవను సామెత మన యిండ్లలో ఇంకను మాయలేదు. ఇంటి తలుపునకు రెండు తాళములు వేయుదుము. వాకిట నిలిపిన కారు తలుపులును బిగించి నిశ్చింతగా నిద్రపోవుదుము. కాని ఆ కారు చక్రములు మాత్రము, జాకీయు పానాయు తెచ్చిన ప్రతివానికిని ఊడివచ్చునట్లే యుండును. ఈ మాసము ఆ చక్రములను గూర్చి కొన్ని మాటలు విన్నవించెదము.

ముందుగా ఒక దూరదేశపు సంగతి. కువైటు నగరమునకు పడమరగా సుమారు 30 కిలోమీటర్ల దూరమున జహ్రా అను పట్టణము కలదు. 1920లో యుద్ధము జరిగిన ఎర్రకోట నేటికిని అచట నిలిచియున్నది. కడప, గోదావరి సీమలనుండి కువైటునకు పోయిన తెలుగువారిలో అనేకులు ఇండ్లలో డ్రైవర్లుగా పనిచేయుచున్నారు. మన పూర్వులు ఒడంబడికపై చెరకు తోటలకు వచ్చినట్లే వీరును ఒడంబడికపై పోయినవారే. బండి యజమానిది, దాని కాపు డ్రైవరుది. ఒకనాటి ఉదయమున బండి ఇటుకలపై నిలిచియుండి చక్రములు మాయమైనచో యజమాని మొదట ఎవరిని నిలదీయును? తప్పు చేయని వాడైనను తల వంచుకొనవలసినవాడు అతడే కదా! కనుక చక్రమునకు తాళము కలవారి ముచ్చట మాత్రమే కాదు. అది పనివాని మాటను నిలుపు సాధనము కూడ.

ఆ తాళమెట్టిదో చెప్పెదము. సామాన్యమైన బోల్టు తల ఆరు పలకలుగా నుండును. ఏ పానాయైనను దానిని పట్టును. తాళపు బోల్టు తలపై వంకర గాడి చెక్కబడియుండును. ఆ గాడికి సరిపోవు చిన్న చెవిముక్కను తగిలించి, దానిపై పానా పెట్టి త్రిప్పిననే అది కదలును. చక్రమునకు ఒకటి చొప్పున నాలుగు చాలును. జర్మనీ కార్లకు సాధారణముగా బోల్టులును, జపాను కార్లకు నట్టులును ఉండును. కొనునపుడు మర కొలతను మాత్రమే గాక, చక్రమున కూర్చుండు భాగము శంకువు వలె నున్నదో, గోళము వలె నున్నదో సరిచూడవలెను. అది కుదరనిచో బోల్టు బిగిసినట్లే కనబడి త్రోవలో వదులగును.

ఇది దొంగను సంపూర్ణముగా ఆపునని తలపరాదు. గట్టి సాకెట్టును సుత్తితో తలపై దిగగొట్టి త్రిప్పు నేర్పరులును కలరు. తల చుట్టును విడిగా తిరుగు వలయము గల రకము అట్టి ప్రయత్నమును కొంత కష్టపరచును. దొంగకు ఆలస్యము కలిగించుటయే దీని ప్రయోజనము.

ఇక అసలు జాగ్రత్త. దొంగను ఆపు తాళమే ఒక్కొక్కప్పుడు మనలను కూడ ఆపును. జహ్రా పరగణాలోనే యున్న మిత్రిబా అను చోట 2016 జూలై 21వ తేదీన 53.9 డిగ్రీల సెల్సియసు వేడి నమోదైనది. అట్టి ఎడారి త్రోవలో టైరు పంక్చరైనదనుకొనుడు. స్టెప్నీ యున్నది, జాకీ యున్నది, పానా యున్నది. చెవిముక్క మాత్రము యజమాని బీరువాలో నున్నది! అపుడు ఆ డ్రైవరు గతి యేమి? మన దీవిలో ఎడారి లేకున్నను, వర్షపు రాత్రి చెరకు తోటల నడుమ పిల్లలతో చిక్కుకొనుట ఎవరికిని రాకూడదు.

కనుక ఈ నియమములను పాటింపుడు. చెవిముక్కను బండిలోనే, పైకి కనబడని చోట ఉంచి, బండి నడుపు ప్రతివారికిని ఆ చోటు చూపవలెను. దానితో వచ్చిన సంఖ్య గల చీటిని ఇంటిలో దాచవలెను. చెవి పోయినచో ఆ సంఖ్యను బట్టి మరియొకటి తెప్పించుకొనవచ్చును. టైర్ల దుకాణమునుండి బయలుదేరుటకు ముందే చెవిముక్క తిరిగివచ్చినదో లేదో చూచుకొనవలెను. దానిని అచటనే మరచి వచ్చుట మిక్కిలి సులభము. యంత్రపు పానాతో తాళపు బోల్టును త్రిప్పనీయరాదు, గాడి చెడును. కారు పుస్తకమున చెప్పిన బిగువునకు టార్కు పానాతో చేతితోనే బిగించి, కొంతదూరము నడిపిన పిదప మరల పరీక్షింపవలెను.

రాత్రివేళ వెలుతురున్న చోట, గోడకు చేరువగా బండిని నిలుపుడు. రిమ్ము లోపలి వైపున బండి సంఖ్యను చెక్కించుడు. ఉదయమున చక్రముల చెంత గీతలు గాని, వదులైన బోల్టు గాని కనబడినచో బండిని కదల్పకుడు. దొంగ సగములో విడిచిన పని ప్రాణాపాయము తెచ్చును. ఎచటినుండి వచ్చినవో తెలియని చక్రములను చౌకయని కొనకుడు. కొనువాడు లేనిచో దొంగకు బేరము లేదు.

చక్రము పోయినచో మరియొకటి కొనవచ్చును. విచారింపక నిందించిన పనివాని మనస్సును కొనితెచ్చుట సాధ్యము కాదు. ఈ ఆదివారము కుటుంబమంతయు కలిసి డిక్కీ తెరచి, చెవిముక్క ఎచటనున్నదో ఒక్కసారి చూచుకొనుడని మా మనవి.