పాత పికప్‌లకు ముందు కడ్డీ మేలే – బిగింపు తెలిసిన చేతికి ఇవ్వాలి

గండిపేట : తెల్లవారుజామున మూడు గంటలకే చేవెళ్ల, మొయినాబాద్ వైపు నుంచి కూరగాయల బండ్లు పట్నం దారి పడతాయి. గుడిమల్కాపూర్ మార్కెట్‌లో బేరం మొదలయ్యేలోగా సరుకు దింపుకోవాలి. టమాటా డబ్బాలు, గోబీ మూటలు, కొత్తిమీర కట్టలు క్యాబిన్ ఎత్తు దాటేదాకా పేర్చి, తాడు కట్టి, ఆ పైన ఇద్దరు ముగ్గురు రైతులు దుప్పటి కప్పుకుని కూర్చుంటారు. మలుపు వచ్చినప్పుడల్లా బండి ఒక పక్కకు ఒరుగుతుంది. పైన కూర్చున్నవారు తాడు గట్టిగా పట్టుకుంటారు. ఇది రోజూ చూసే దృశ్యమే కనుక ఎవరికీ వింతగా తోచదు.

ఈ బండ్లలో పాతవి కూడా వున్నాయి. మహీంద్రా జీపును కోసి తొట్టి కట్టించుకున్నవి, 1988లో వచ్చిన టాటా మొబైల్ తరహావి, ఆ తరువాతి పికప్‌లు ఇంకా తిరుగుతూనే వున్నాయి. 1980లలో మన పొరుగున జహీరాబాద్‌లోనే ఆల్విన్-నిస్సాన్ తేలిక లారీలు తయారయ్యేవి. ఆ కారఖానా తరువాత మహీంద్రా చేతికి వెళ్లింది. పాత బండిని వదులుకోలేకపోవడం పిసినారితనం కాదు. కొత్తది కొనాలంటే వాయిదాలు కట్టాలి. టమాటా ధర పడిపోయిన నెలలో ఆ వాయిదా ఎక్కడి నుంచి తేవాలి? అందుకే వున్నదానినే బాగు చేయించుకుని నడుపుకుంటారు.

అలా బాగు చేయించే పనుల్లో ఒకటి ముందు యాక్సిల్‌కు స్టెబిలైజర్ రాడ్ వేయించడం. పుస్తకాలలో దీనిని స్వే బార్ అనీ, యాంటీ రోల్ బార్ అనీ రాస్తారు. షెడ్డులో బ్యాలెన్స్ రాడ్ అన్నా అర్థమవుతుంది. స్ప్రింగు ఉక్కుతో చేసిన గుండ్రటి కడ్డీ ఇది. రెండు కొసలూ వంగి వుంటాయి. బండికి అడ్డంగా పడుకుని, నడుమ రెండు రబ్బరు బుష్షులలో తిరుగుతూ, రెండు కొసలా లింకులతో బిగిసి వుంటుంది. కెనడా దేశస్థుడు స్టీఫెన్ కోల్‌మన్ 1919లోనే దీనికి పేటెంట్ పొందాడు. అంటే నూరేళ్లు దాటిన సంగతి. మన పాత జీపులకు మాత్రం ఇది లేదు.

పని చేసే తీరు పల్లెటూరివారికి తెలియనిదేమీ కాదు. గడ్డి బండి గట్టు దాటేటప్పుడు ఒక పక్కకు ఒరిగితే రెండో పక్క నుంచి తాడు వేసి పట్టుకుంటారు. కడ్డీ చేసేదీ ఇంచుమించు అదే. మలుపులో బండి ఎడమకు ఒరిగితే ఎడమ వైపు కమాన్ పట్టీలు నొక్కుకుంటాయి, కుడివైపువి సాగుతాయి. కడ్డీ ఒక కొస పైకి, ఒక కొస కిందికి పోయి మెలితిరుగుతుంది. ఉక్కు మెలితిరగడానికి ఇష్టపడదు కనుక ఎడమ పక్కను లేపుతుంది, కుడి పక్కను కిందికి లాగుతుంది. రెండు చక్రాలూ ఒక్కసారే ఎత్తు మీద ఎక్కితే కడ్డీ ఊరికే తిరుగుతుందే గాని అడ్డుపడదు. కడ్డీ మందం సంగతి ఒకటి వుంది. మందాన్ని ఐదో వంతు పెంచితే బిగువు దాదాపు రెట్టింపవుతుంది. కాబట్టి మందమైతే మంచిదని చేతికి దొరికిన లారీ కడ్డీని తెచ్చి చిన్న బండికి బిగించడం తెలివితక్కువ పని.

అసలు చిక్కు బిగింపులోనే వుంది. ఒక్క పూటలో అయిపోయే పనే, కాని తొందరపడితే పాడవుతుంది. బండిని చదును నేల మీద నిలిపి, వెనుక చక్రాలకు రాళ్లు పెట్టి, ముందు భాగాన్ని లేపాలి. ఒక్క జాక్ మీద నమ్మకం పెట్టుకుని కిందికి దూరడం ప్రాణాలతో చెలగాటం. ఛాసిస్ కింద గట్టి స్టాండ్లో, మందపాటి కర్ర దుంగలో వుండి తీరాలి. కడ్డీని చేత్తో పట్టి చూసి, స్టీరింగును ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పించాలి. టై రాడ్డుకు, బ్రేకు గొట్టానికి, ఆయిల్ ఛాంబరుకు ఎక్కడా తగలకూడదు. చక్రం వేలాడుతున్నప్పుడు తగలనిది బరువు పడినప్పుడు తగలవచ్చు. అందుకే రెండు స్థితుల్లోనూ చూడాలి. బ్రేకు గొట్టం ఒరుసుకుంటే అది తెగేదాకా ఎవరికీ తెలియదు.

ఇక చాలా షెడ్లలో జరిగే పొరపాటు ఒకటుంది. బండి జాక్ మీద వుండగానే బుష్షుల నట్టులు, లింకుల నట్టులు పూర్తిగా బిగించేస్తారు. అప్పుడు చక్రాలు వేలాడుతూ వుంటాయి. బండి కిందికి దిగగానే రబ్బరు మెలిపడి, కొద్ది రోజులకే చిరిగిపోతుంది. నట్టులు వదులుగా ఎక్కించి, బండిని చక్రాల మీద నిలిపి, నాలుగుసార్లు ఊపి, ఆ తరువాతే గట్టిగా బిగించాలి. రెండు లింకులూ ఒకే పొడవు వుండాలి. లేకపోతే నిలిచిన బండే ఒక పక్కకు ఒరుగుతుంది. రబ్బరు బుష్షుకు మామూలు గ్రీసు పూయకూడదు, రబ్బరు ఉబ్బి చెడిపోతుంది. వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి నట్టులు చూడాలి.

కడ్డీ సరిపోలేదని దానిని ఎర్రగా కాల్చి వంచడం, మీద వెల్డింగు పెట్టి బ్రాకెట్టు అతికించడం మరీ ప్రమాదం. స్ప్రింగు ఉక్కు పదునంతా అది తిన్న వేడిలోనే వుంది. మళ్లీ మంట తగిలితే ఆ చోట పెళుసెక్కుతుంది, లేదా మెత్తబడుతుంది. విరిగేది షెడ్డులో కాదు, గుంతలో. రాణిగంజ్‌లో పాత సామాను బేరమాడి తెచ్చుకునేవారు వెనకటి వెల్డింగు గుర్తులు, నెర్రెలు వున్నాయేమో వేలితో తడిమి చూసుకోవాలి. ఇవేమీ తెలియని కుర్రవాడికి పని అప్పగించడం కంటే కడ్డీ లేకుండా నెమ్మదిగా నడుపుకోవడమే నయం.

కడ్డీకి లోపాలూ వున్నాయి. అది రెండు చక్రాలను ఒకదానికొకటి ముడివేస్తుంది కనుక ఒక చక్రం గుంతలో పడితే ఆ కుదుపు రెండో దానికీ చేరుతుంది. పొలం గట్లు, వాగు దారులు ఎక్కువగా తొక్కే బండికి ముందు చక్రం నేల విడిచే అవకాశం పెరుగుతుంది. పాత జీపు చేసినవారు దానికి కడ్డీ పెట్టకపోవడం మరపు వల్ల కాదు, అది సడక్ కోసం పుట్టిన బండి కాదు. పైగా ముందు మాత్రమే కడ్డీ వేస్తే మలుపులో ముందు టైర్లు ముందుగా పట్టు వదులుతాయి. వెనుక భాగం జారి తిరగడం కంటే అది మేలే గాని, స్టీరింగు కాస్త ఎక్కువ తిప్పవలసి వస్తుందని డ్రైవర్ తెలుసుకోవాలి. డాంబరు రోడ్డు మీద బరువు మోసే పికప్‌కు వేయించడం సబబు, మడిలోకి దిగే జీపుకు అక్కరలేదు. కమాన్ పట్టీ విరిగి, షాకబ్జర్లు కారిపోయి, టైర్లు నున్నబడిన బండికి ముందు వాటిని మార్చాలి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇంకొకటి. కడ్డీ ఒరుగును తగ్గిస్తుందే గాని పేర్చిన సరుకు ఎత్తును తగ్గించదు. బరువు కేంద్రం నేల నుంచి రెండున్నర అడుగులు వున్న బండి, ఎత్తు పేర్చడం వల్ల మూడున్నర అడుగులకు చేరిందనుకుందాం. తిరగబడటానికి కావలసిన పక్క తోపు పావు వంతుకు పైగా తగ్గిపోతుంది. ఇదివరకు 60 కిలోమీటర్ల వేగంతో తిరిగిన మలుపును 50తో తిరిగితేనే అదే నిబ్బరం. కాని కడ్డీ వేసిన బండి ఒరగదు కనుక డ్రైవర్‌కు భయం తెలియదు. ఒరుగు అనేది ఒక హెచ్చరిక. ఆ హెచ్చరిక పోయిందని ధీమాతో మరో పది డబ్బాలు ఎక్కిస్తే చేయించిన మేలు కాస్తా కీడవుతుంది. తొట్టి పక్కలకు ఇనుప జాలీ కట్టి ఎత్తు పెంచేవారు ఇది గుర్తించవలసి వుంది. రిజిస్ట్రేషన్ వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతున్నది కూడా. కడ్డీ వేయించేవారు సైతం ముందుగా రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం మంచిది.

రోడ్డు సంగతి వేరే చెప్పనక్కరలేదు. అప్పా కూడలి నుంచి మన్నెగూడ దాకా మర్రి చెట్ల నడుమ పోయే దారి అందమైనదే, ఇరుకైనదే. చెట్ల విషయమై జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో వివాదం నడిచి విస్తరణ ఏళ్ల తరబడి ఆగింది. 2025 నవంబరు 3న చేవెళ్ల దగ్గర మీర్జాగూడ వద్ద కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొని, కంకర ప్రయాణికుల మీద పడి 19 మంది మరణించారు. ఆ ప్రమాదానికీ ఈ కడ్డీకీ సంబంధం లేదు. ఎత్తుగా నింపిన బరువు రోడ్డు మీద ఏమి చేయగలదో మాత్రం ఈ ప్రాంతం కళ్లారా చూసింది.

కనుక అధికారులు చేయవలసినదీ వుంది. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష వుంది. ఆ పరీక్షలో లైట్లు, హారన్ చూసినంత శ్రద్ధగా బండి కిందికి వంగి కమాన్లు, యు బోల్టులు, బుష్షులు చూస్తే ఎన్నో లోపాలు బయటపడతాయి. షెడ్లలో పనిచేసే కుర్రవాళ్లకు ఐ.టి.ఐ.ల ద్వారా వారం రోజుల శిక్షణ ఇప్పించడం పెద్ద ఖర్చు కాదు. ఇక రైతులు సరుకు మీద కూర్చుని ఎందుకు పోతున్నారన్నది వేరే ప్రశ్న. 1999లో రైతుబజార్లు మొదలైనప్పుడు రైతుల కోసం ఆర్టీసీ బస్సులు నడిపింది. ఆ వేళకు ఈ దారిలో మళ్లీ ఒక బస్సు వేస్తే సరుకు బండిలో పోతుంది, మనిషి సీటులో కూర్చుని పోతాడు.